కింది ప్రీమోలార్ బ్రాకెట్లు పదే పదే ఊడిపోతున్నాయి, బాండింగ్ మెథడ్ మార్చాలా?

రెండో_ఏడు_డాక్టరమ్మ:

అందరికీ నమస్తే అండి. ఆర్థోలో (పళ్ళకి క్లిప్పులు వేసి వరసలోకి తెచ్చే విభాగం) పీజీ రెండో సంవత్సరం చేస్తున్నా. గత రెండు నెలల్లో నేను బాండ్ చేసిన (పన్నుకి అతికించిన) కేసుల్లో 7 బ్రాకెట్లు, అంటే వైరుని పట్టుకునే చిన్న మెటల్ ముక్కలు, ఊడిపోయాయి. అందులో 5 కింది సెకండ్ ప్రీమోలార్లే (కోరపన్నుకీ మోలార్లకీ మధ్య ఉండే రెండు పళ్ళలో వెనకది), ఒకటి కింది ఫస్ట్ ప్రీమోలార్, ఒకటి పైన లాటరల్ (ముందు పళ్ళలో పక్కది). అంటే సమస్యంతా కింద వెనకాలే ఉంది.

నేను చేసేది అందరూ చేసే పద్ధతే. ప్యూమిస్‌తో పాలిష్, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌తో 30 సెకన్లు ఎచింగ్, కడగడం, పన్ను సుద్దలా తెల్లగా కనిపించేదాకా ఆరబెట్టడం, ప్రైమర్ అనే రెసిన్ ద్రవం పల్చగా ఒక పూత, బ్రాకెట్ బేస్ మీద పేస్ట్, గట్టిగా నొక్కి చుట్టూ పొంగిన ఫ్లాష్ స్కేలర్‌తో తీసేసి పేస్ట్ గట్టిపడటానికి ఒక్కో పక్క 10 సెకన్లు లైట్. ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థం కావట్లేదు.

సీనియర్లని అడిగితే తలా ఒక మాట. ఒకరేమో సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్‌కి మారిపో, స్టెప్పులు తగ్గుతాయి అంటారు, ఇంకొకరు కింది వెనక పళ్ళకి రెసిన్ మాడిఫైడ్ గ్లాస్ అయానమర్ సిమెంట్ వాడు, తడి ఉన్నా పర్లేదు అంటారు, ఇంకొకరు అసలు ఇండైరెక్ట్ (బ్రాకెట్లు ముందు మోడల్ మీద పెట్టి ట్రేతో నోట్లోకి మార్చడం) చెయ్యి గొడవ వదిలిపోతుంది అంటారు, మా ల్యాబ్‌లో ఉండే పెద్దాయనైతే లైట్ లేకుండానే గట్టిపడే పాత కెమికల్ క్యూర్ నో మిక్స్ పేస్ట్ అయితే ఊడేదే కాదు అంటాడు. ఇన్ని పద్ధతుల్లో నిజంగా ఏది దేనికి పనికొస్తుందో పక్కపక్కన పెట్టి చెప్పేవాళ్ళు దొరకలేదు.

మొన్న ఒక పిల్లాడు ఊడిన బ్రాకెట్‌ని టిష్యూలో చుట్టుకుని మూడోసారి తెచ్చాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు కానీ నాకే చాలా బాధేసింది. దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ముప్పై_ఏళ్ళ_ఆర్థో:

చూడమ్మా, మెథడ్ మార్చే ముందు ఒక్క మాట అడుగుతా. ఊడొచ్చిన ఆ 7 బ్రాకెట్లని వెనక్కి తిప్పి చూశావా? ఆ పన్ను మీద ఏం మిగిలిందో చూశావా? చాలామంది ఊడింది అనగానే పాతది పారేసి కొత్తది అతికించేస్తారు, అసలు కారణం చెప్పేది ఆ పారేసిన బ్రాకెట్టే.

1984లో ఆర్టున్, బెర్గ్‌లాండ్ అనే ఇద్దరు పెట్టిన అధెసివ్ రెమ్నెంట్ ఇండెక్స్ ఉంది కదా, 0 నుంచి 3 దాకా స్కోరు, థియరీ పరీక్షకి అందరూ బట్టీ పడతారు కానీ చెయిర్ దగ్గర ఎవరూ వాడరు. పన్ను మీద అసలు ఏమీ మిగల్లేదు, పేస్టంతా బ్రాకెట్‌తో పాటే వచ్చేసింది అంటే స్కోరు 0. అంటే పేస్ట్‌కీ మెష్‌కీ (బ్రాకెట్ వెనక ఉండే జల్లెడ) మధ్య అతుకు బాగానే ఉంది, పేస్ట్‌కీ ఎనామిల్‌కీ (పన్ను పైపొర) మధ్యే తెగింది. తడి, ఎంగిలి తగలడం, ఎచింగ్ సరిగ్గా పడకపోవడం, గాలితో పాటు నూనె రావడం, వీటిలో ఏదో ఒకటి. అదే పేస్టంతా పన్ను మీదే ఉండిపోయి దాని మీద మెష్ అచ్చు జల్లెడ గుర్తుల్లా కనిపిస్తే స్కోరు 3. అప్పుడు ఎనామిల్ వైపు తప్పు లేదు, బ్రాకెట్ వైపే లోపం. పేస్ట్ మెష్‌లోకి నొక్కలేదు, బేస్‌కి వేలు తగిలింది, లైట్ వేసేటప్పుడు బ్రాకెట్ కదిలింది, లేదా బేస్ కిందకి లైట్ అందలేదు. స్కోరు 0 వస్తుంటే నువ్వు లైట్ టైమ్ రెట్టింపు చేసినా ఉపయోగం ఉండదు, స్కోరు 3 వస్తుంటే ఎచింగ్ ఎంతసేపు చేసినా ఉపయోగం ఉండదు. కాబట్టి ముందు అది చూసుకో.

ఇక పద్ధతుల విషయం. 1955లో బ్యూనోకోర్ ఎనామిల్‌కి 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 30 సెకన్లు పూస్తే యాక్రిలిక్ బాగా పట్టుకుంటుందని చూపించాడు, 1965లో న్యూమాన్ ఎపాక్సీతో నేరుగా పన్నుకే బ్రాకెట్ అతికించాడు. అంతకుముందు ప్రతి పన్నుకీ చుట్టూ తొడిగే మెటల్ బ్యాండే. ఆ పునాది ఇప్పటికీ మారలేదు, యాసిడ్ ఎనామిల్‌లోని సన్నటి కడ్డీల్లాంటి రాడ్లని కొద్దిగా తినేసి చిన్న చిన్న గుంటలు చేస్తుంది, రెసిన్ ఆ గుంటల్లోకి పారి గట్టిపడి గొళ్ళెంలా పట్టుకుంటుంది. ఇది పూర్తిగా మెకానికల్ పట్టు. ఆ గుంటల్లో ముందే నీళ్ళు నిండి ఉంటే రెసిన్ ఎక్కడికి పోతుంది?

బాండ్ ఎంత గట్టిగా ఉండాలంటే 1975లో రెనాల్డ్స్ చెప్పిన 6 నుంచి 8 మెగాపాస్కల్స్ అనే అంకెనే ఇవ్వాళ్టికీ అందరూ చెప్తారు. ల్యాబ్ పరీక్షల్లో కన్వెన్షనల్ ఎచింగ్ ఆ అంకెని సులువుగానే దాటుతుంది. అంటే నీ మెటీరియల్‌కి బలం సరిపోక ఊడట్లేదు, ఉండాల్సిన బలం నోట్లో దానికి రావట్లేదు.

సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్‌లో యాసిడ్, ప్రైమర్ రెండూ ఒకే అణువులో కలిసి ఉంటాయి. అది ఎనామిల్‌ని తింటూనే అదే గుంటల్లోకి దిగిపోతుంది, కరిగిన కాల్షియం దాంట్లోనే చిక్కుకుపోతుంది, అందుకే కడగక్కర్లేదు. కడగడం లేదంటే నోట్లో నీళ్ళు పట్టడం, ఉమ్మడం, మళ్ళీ కాటన్ రోల్స్ మార్చడం, ఆ సమయంలో నాలుక వచ్చి పన్నుకి తగలడం, ఇవన్నీ తప్పుతాయి. కింది వెనక పళ్ళకి దీని అసలు లాభం అక్కడే ఉంది. ఎనామిల్ పోయేది కూడా తక్కువే. కానీ రెండు చోట్ల జనం పొరపాటు చేస్తారు. ఒకటి, పూసి వదిలేస్తారు. పూయడం కాదమ్మా, పన్ను మీద ఆగకుండా రుద్దాలి, ఒక్కో పన్నుకి కనీసం 3 నుంచి 5 సెకన్లు, ఎందుకంటే అడుగున పని అయిపోయిన యాసిడ్ పక్కకి జరిగి పైనున్న కొత్తది ఎనామిల్‌కి తగలాలి. రెండు, ప్యూమిస్ వదిలేస్తారు. ఫాస్ఫారిక్ యాసిడ్ 37 శాతం అయితే పన్ను మీది పలచని పొర చాలావరకు అదే తినేస్తుంది, దీనికి అంత శక్తి లేదు, కాబట్టి పాలిష్ తప్పనిసరి.

2013లో, వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే కోక్రేన్ వాళ్ళు ఈ రెండింటినీ పోల్చిన ట్రయల్స్ అన్నీ జల్లెడ పట్టి, బ్రాకెట్లు ఊడిపోయే విషయంలో ఏది మెరుగో తేల్చేంత ఆధారాలు లేవనే రాశారు. నా అనుభవం కూడా అదే. నేను పై పళ్ళకి, ముందు పళ్ళకి ఫాస్ఫారిక్ యాసిడే వాడతా, ఎందుకంటే తెల్లబడితే కంటికి కనిపిస్తుంది, ఏ పన్ను సరిగ్గా పడలేదో అక్కడికక్కడే తెలుస్తుంది. సెల్ఫ్ ఎచ్‌లో ఆ గుర్తు ఉండదు, నమ్మకం మీద వెళ్ళాలి. నేర్చుకునే వయసులో ఉన్నవాళ్ళు కంటికి కనిపించే పద్ధతిలోనే చెయ్యి తిరగాలని నా గట్టి అభిప్రాయం.

నో మిక్స్ గురించి మీ పెద్దాయన అన్నది పూర్తిగా తప్పు కాదు. దాంట్లో లైట్ అందకపోవడం అనే సమస్యే లేదు, బ్రాకెట్ కింద ఎంత చీకటైనా గట్టిపడుతుంది. కానీ పన్ను మీదా బేస్ మీదా పూసిన ప్రైమర్ పేస్ట్‌లోకి ఇంకి దాన్ని గట్టిపరచాలి, పేస్ట్ మందంగా ఉంటే మధ్యలో పచ్చిగానే ఉండిపోతుంది. పైగా పెట్టిన వెంటనే సెట్ అవడం మొదలవుతుంది, ఆ టైమ్‌లో పొజిషన్ కొంచెం సరిచేద్దామని కదిపావో బాండ్ పోయినట్టే. ముప్పై ఏళ్ళ కింద మాకు వేరే దారి లేక అదే చేశాం, చెయ్యి వణక్కుండా ఒక్కసారికే పెట్టడం దానివల్లే అలవాటైంది. ఇప్పుడు నీకు ఆ తొందర అక్కర్లేదు.

చెయిర్_పక్కన_పదేళ్ళు:

డాక్టర్ గారు, నేను డాక్టర్ని కాదు, పదేళ్ళుగా అసిస్టెంట్‌ని. సార్ చెప్పినదానికి నేను చూసినవి కలుపుతున్నా, తప్పైతే సార్ సరిదిద్దండి.

మొదటిది గాలి, నీళ్ళు కొట్టే త్రీ వే సిరింజి. బాండింగ్ మొదలుపెట్టే ముందు పొడి మౌత్ మిర్రర్ తీసుకుని దాని అద్దం మీదకి ఒక నాలుగైదు సెకన్లు గాలి మాత్రమే కొట్టి లైట్ కింద పెట్టి చూడండి. సన్న తుంపర కనిపించినా, జిడ్డుగా రంగులు తేలినా ఆ గాలితో పన్ను ఎంతసేపు ఆరబెట్టినా ఆరదు. మీరు ఆరబెడుతున్నా అనుకుంటూ తడుపుతున్నారన్నమాట. నేను ముందు పనిచేసిన ఒక క్లినిక్‌లో కంప్రెసర్ ట్యాంక్‌లో నీళ్ళు రోజూ వదలాల్సింది ఎవరూ వదల్లేదు, లోపల నీళ్ళు నిండి లైన్‌లోకి వచ్చేసేవి, ఆ నెలంతా బ్రాకెట్లు రాలిపోయాయి, డాక్టర్ గారు పేస్ట్ బ్యాచ్ బాలేదని రెండుసార్లు మార్చారు. చివరికి ట్యాంక్ కింద కుళాయి తిప్పితే బురద రంగు నీళ్ళు బకెట్‌లోకి ధారగా వచ్చాయి. అది చూశాక నేను ఎక్కడ పనిచేసినా పొద్దున్నే చేసే మొదటి పని అదే.

రెండోది, బాటిల్ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడొద్దు, చల్లటి పేస్ట్ మందంగా ఉండి మెష్‌లోకి దిగదు, కాస్త ముందే బయట పెట్టండి. ప్రైమర్ డాపెన్ డిష్ అనే చిన్న గిన్నెలో పోసి మూత లేకుండా వదిలేస్తే ఆవిరైపోతుంది, చెయిర్ లైట్ కింద ఉంటే సగం గట్టిపడిపోతుంది కూడా. ఒక్కో ఆర్చ్‌కి (పై లేదా కింది పళ్ళ వరసకి) అప్పుడప్పుడు చుక్క పోసుకోవడమే.

మూడోది లైట్ క్యూర్ టిప్. దాని మీద ఎండిపోయిన పేస్ట్ చిన్న పొక్కులా అంటుకుని ఉంటుంది, ఎవరూ చూడరు. ప్రతి పేషెంట్ తర్వాత తుడవాలి. లైట్ బలం కొలిచే రేడియోమీటర్ ఉంటే వారానికొకసారి చూడండి, ఛార్జింగ్ తగ్గినప్పుడు కూడా నీలం వెలుగు కంటికి ఒకేలా కనిపిస్తుంది, కంటిని నమ్మొద్దు.

ఇంకోటి, పేషెంట్‌కి కడిగాక "ఉమ్మేయండి" అనొద్దు. ఉమ్మడానికి లేచి నోరు మూస్తే కాటన్ రోల్ జరిగిపోతుంది, ఎచ్ చేసిన పన్ను బుగ్గకి రాసుకుంటుంది. సక్షన్ నేనే పట్టుకుంటా, పేషెంట్ నోరు మూయకుండా ఆర్చ్ మొత్తం అయ్యేదాకా.

ముప్పై_ఏళ్ళ_ఆర్థో:

సరిదిద్దడానికి ఏమీ లేదమ్మా, ప్రతి మాటా నిజం. ఎచ్ చేసిన పన్నుకి ఎంగిలి క్షణం తగిలినా అందులోని ప్రొటీన్లు ఆ గుంటలన్నీ పూడ్చేస్తాయి, గాలి కొట్టి ఆరబెడితే అవి ఇంకా గట్టిగా అంటుకుంటాయి, ఉత్త నీళ్ళతో కడిగితే పోవు. అలా జరిగితే మళ్ళీ 10, 15 సెకన్లు ఎచ్ చేసి కడిగి ఆరబెట్టాలి, దగ్గరి దారి లేదు.

తడి_పన్ను_గ్లాస్_అయానమర్:

మేడమ్, నేను కింది సెకండ్ ప్రీమోలార్లకి, సగం బయటికొచ్చిన పళ్ళకి, బ్రష్ సరిగ్గ చెయ్యని పిల్లలకి గ్లాస్ అయానమరే వాడుతున్న, అందుకని నా మాట కూడ వినండి. ఫ్యూజీ ఆర్థో ఎల్‌సీ లాంటివి రెసిన్ మాడిఫైడ్ రకం. ఇందులో పట్టు రెండు రకాలుగ వస్తది, కొంత గుంటల్లోకి దిగి, కొంత గ్లాస్ అయానమర్‌లోని కార్బాక్సిల్ గ్రూపులు పన్నులోని కాల్షియంతోని నేరుగ కలిసి. ఆ రెండోది జరగాలంటే తడి ఉండాల్సిందే, అందుకే దీనికి పన్నుని ఎండబెట్టరు. 10 శాతం పాలీయాక్రిలిక్ యాసిడ్ 20 సెకన్లు పెట్టి కడిగి, నీళ్ళు నిలవకుండ కాటన్‌తోని అద్దితే చాలు, మెరుస్తున్నట్టు తడి కనిపించాలె. తడి ఉన్నా పర్లేదు అని మీ సీనియర్ అన్నది ఎంగిలికి కూడ అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. నీటి తడి వేరు, ఎంగిలి వేరు.

లాభం ఏందంటే ఫ్లోరైడ్ వదుల్తది, టూత్‌పేస్ట్ నుంచి మళ్ళ నింపుకుంటది కూడ. బ్రాకెట్ చుట్టు తెల్లమచ్చలు వచ్చే పిల్లలని చూస్తే నాకు ఊడిన బ్రాకెట్ కంటే ఆ మచ్చే ఎక్కువ బాధ. బ్రాకెట్ మళ్ళ పెట్టొచ్చు, ఎనామిల్ మళ్ళ తేలేం. రెండేళ్ళు వైరు వేసి పళ్ళు చక్కగ వరసలోకి తెచ్చి, చివరికి తీసిన రోజు ప్రతి పన్ను మీద చదరపు తెల్లమచ్చ కనిపిస్తే ఆ పేషెంట్ నవ్వనే నవ్వడు.

నష్టం కూడ చెప్తున్న. బలం రెసిన్ కంటే తక్కువ, ముఖ్యంగ మొదటి రోజు. లైట్ వేసినంక పైకి గట్టిపడ్డట్టు ఉంటది గాని లోపల యాసిడ్ బేస్ రియాక్షన్ తర్వాత కూడ నడుస్తనే ఉంటది. అందుకని ఆ రోజే మందం వైరు వేసి గుంజి కట్టొద్దు, సన్న నిటి (నికెల్ టైటానియం) వైరు చాలు. బలం ఇంక కావాలంటే పాలీయాక్రిలిక్ బదులు ఫాస్ఫారిక్ యాసిడ్‌తోని ఎచ్ చేసి పెట్టొచ్చు, పట్టు పెరుగుతది, అప్పుడు తీసేటప్పుడు శుభ్రం చేసే పని కూడ పెరుగుతది. పౌడర్ లిక్విడ్ రకమైతే కలిపే కొలత తప్పొద్దు, జారుడుగ ఉందని పౌడర్ ఇష్టమొచ్చినట్టు పోస్తే అంతే సంగతి.

ఇంకో సంగతి, మీరు పద్ధతి గురించే అడిగిన్రు గాని కొరుకుడు చూసిన్రా? మామూలుగనే పై పళ్ళ బయటి కొన కింది పళ్ళకి బయటి వైపు దిగుతది. డీప్ బైట్ (పై పళ్ళు కింది పళ్ళని ఎక్కువ కప్పేసుడు) ఉన్న పిల్లలకి ఆ పై ప్రీమోలార్ కొన సరిగ్గ మీ కింది బ్రాకెట్ రెక్క మీదే పడ్తది. నమిలినప్పుడల్లా సుత్తితోని కొట్టినట్టు. ఏ పద్ధతిలో అతికిచ్చినా ఆ దెబ్బకి నిలవదు. ఆర్టిక్యులేటింగ్ పేపర్ పెట్టి కొరికించి చూడండి, బ్రాకెట్ మీద నీలం మచ్చ పడితే మోలార్ల మీద కొద్దిగ బైట్ ఎత్తండి, నేనైతే నీలం రంగు గ్లాస్ అయానమరే పెడ్త, తర్వాత తీసేటప్పుడు ఏది పన్నో ఏది సిమెంటో సాఫ్‌గ కనిపిస్తది.

ట్రే_తో_బాండింగ్:

ఇండైరెక్ట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, ఆరేళ్ళుగా ఎక్కువ కేసులు ఇలాగే చేస్తున్నా.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇండైరెక్ట్ చేస్తే బ్రాకెట్లు ఊడవు అనేది నిజం కాదు. దాని గొప్పతనం పొజిషన్‌లో ఉంది, పట్టులో కాదు. 1972లో సిల్వర్‌మన్, కోహెన్ వాళ్ళు ఈ దారి చూపించారు, 1979లో థామస్ మోడల్ మీదే బ్రాకెట్ కింద కాంపోజిట్ గట్టిపడేలా చేసి ఆ పన్నుకి మాత్రమే సరిపోయే కస్టమ్ బేస్ తయారుచేసే పద్ధతి చెప్పాడు. ఇప్పుడు స్కాన్ తీసి కంప్యూటర్‌లో బ్రాకెట్లు పెట్టుకుని ట్రే త్రీడీ ప్రింట్ చేస్తున్నాం, ఆలోచన మాత్రం అదే. వంకర పళ్ళ దగ్గర అద్దంలో తలకిందులుగా చూస్తూ పెట్టే అవస్థ ఉండదు, బల్ల మీద అన్ని వైపుల నుంచీ చూసి తాపీగా పెట్టొచ్చు. మీరు కింది సెకండ్ ప్రీమోలార్ దగ్గర బుగ్గ లాగుతూ మెడ వంచుతూ పెడతారు చూడండి, ఆ పన్నుకే దీని ఉపయోగం ఎక్కువ తెలుస్తుంది.

కానీ నోట్లో మాత్రం ఎచింగ్, కడగడం, ఆరబెట్టడం అన్నీ మామూలే. పైగా ఆర్చ్ మొత్తం, లేదా సగం, ఒకేసారి పొడిగా ఉంచాలి. ఒక్క పన్నుని పొడిగా ఉంచలేని చోట ఏడు పళ్ళని ఎలా ఉంచుతారు? మీకు ఇప్పుడు ఊడుతున్న కారణం తడి అయితే ఇండైరెక్ట్‌లో 5 బదులు 10 ఊడతాయి. ఇంకా నాకు మొదట్లో జరిగినవి చెప్తా. మోడల్‌కి అతుక్కోకుండా పూసిన సెపరేటింగ్ మీడియం కస్టమ్ బేస్ మీద పలచగా అంటుకుని ఉండిపోయింది, నేను చూసుకోలేదు, ట్రే తీస్తుంటే బ్రాకెట్లు ట్రేతో పాటే లేచొచ్చేశాయి. అప్పట్నుంచి బేస్‌లని సన్నటి అల్యూమినియం ఆక్సైడ్‌తో లైట్‌గా శాండ్‌బ్లాస్ట్ చేసి, ఆ తర్వాత వేలు తగలనివ్వను. రెండోది పేస్ట్ ఎక్కువ పెట్టడం. ట్రే కింద పొంగిన ఫ్లాష్ ఎక్కడికి పోయిందో కనిపించదు, చిగుళ్ళ దగ్గర గట్టిపడి అక్కడ పాచి పట్టేస్తుంది. పల్చటి పొర చాలు. తీసేటప్పుడు ట్రేని నాలుక వైపు నుంచి విప్పుతూ బయటికి తిప్పాలి, పైకి గుంజితే బ్రాకెట్ రెక్కలు పట్టుకుని లేచిపోతాయి.

చెయిర్ టైమ్ తగ్గుతుంది, నిజమే, ల్యాబ్ టైమ్ అంతకంటే పెరుగుతుంది. అది ఎవరి చేతి మీద పడుతుందో చూసుకుని మొదలుపెట్టండి.

క్లిప్పులు_వేసుకున్నా:

నేను పేషెంట్‌ని, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు పైన ఒక పన్నుకి రూట్ కెనాల్ చేసి పింగాణీ క్యాప్ వేశారు. దాని మీద బ్రాకెట్ నాలుగుసార్లు ఊడింది, ప్రతిసారీ డాక్టర్ గారు నువ్వే ఏదో గట్టిది కొరికావు అంటున్నారు. నేను చాలా జాగ్రత్తగా ఉంటున్నాను, నిజంగా. క్యాప్ మీద బ్రాకెట్ నిలవదా?

ముప్పై_ఏళ్ళ_ఆర్థో:

నిలుస్తుందమ్మా, పద్ధతి వేరు. నాలుగుసార్లూ నీ తప్పే అయ్యుంటుందని నేను అనుకోవట్లేదు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామిల్‌ని తింటుంది కానీ పింగాణీని తినదు, దాని మీద ఎంతసేపు పెట్టినా పై మురికి పోవడమే తప్ప గుంటలు పడవు. పింగాణీకి ముందు పై మెరుపు పొర పోయేలా శాండ్‌బ్లాస్ట్ చేసి, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పెట్టి, బాగా కడిగి, పింగాణీనీ రెసిన్‌నీ కలిపే సైలేన్ పూసి అప్పుడు ప్రైమర్, పేస్ట్. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చిగుళ్ళకి తగిలితే చాలా ప్రమాదం, రబ్బర్ డ్యామో చిగుళ్ళకి బారియరో లేకుండా దాన్ని నోట్లోకి తేకూడదు. అది వద్దనుకునే డాక్టర్లు శాండ్‌బ్లాస్ట్, సైలేన్‌తోనే చేస్తారు, అది కూడా చాలాసార్లు నిలుస్తుంది. జిర్కోనియా క్యాప్ అయితే మళ్ళీ ఆ యాసిడ్, మామూలు సైలేన్ పనిచేయవు, శాండ్‌బ్లాస్ట్ చేశాక దానికి వేరే ప్రైమర్ ఉంటుంది. అందుకని మీ డాక్టర్ గారిని ఒక్కటే అడుగు, "ఈ క్యాప్ దేంతో చేసింది, దానికి తగ్గ ప్రైమర్ వాడుతున్నామా" అని. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇవన్నీ కుదరకపోతే ఆ ఒక్క పన్నుకి బ్యాండ్ వేయించుకోవచ్చు.

రెండో_ఏడు_డాక్టరమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి, చూసి రాద్దామని ఆగాను.

సార్, అదృష్టం కొద్దీ ఊడిన 7 బ్రాకెట్లలో 6 పారేయలేదు, రీసైక్లింగ్ ప్రాక్టీస్ కోసం చిన్న డబ్బాలో పెట్టుకున్నా. లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశా. నాలుగింటికి పేస్టంతా బేస్ మీదే ఉంది, పన్నుకి తగిలిన వైపు అద్దంలా నున్నగా, వెలుగు పడితే మెరుస్తూ. గరుకుగా ఒక్క చోటు కూడా లేదు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి పేస్ట్ బాగానే గట్టిపడింది కదా అనుకునేదాన్ని, రెసిన్ ఎక్కడా లోపలికి దిగలేదని ఆ నునుపే చెప్తోందని ఇప్పుడు అర్థమైంది. మిగతా రెండు బోసి మెష్‌తో ఉన్నాయి, అంటే పేస్ట్ పన్ను మీదే ఉండిపోయింది.

తర్వాత మిర్రర్ పరీక్ష చేశా. నేను ఎప్పుడూ కూర్చునే చెయిర్ సిరింజి గాలి కొడితే నాలుగు సెకన్లకే అద్దం మీద సన్న చుక్కలు. పక్క చెయిర్‌ది పూర్తిగా పొడి. బటన్ లోపల ఓ రింగు అరిగిపోయి గాలి నొక్కినా నీళ్ళు లీకవుతున్నాయట, మార్పించాం. అసిస్టెంట్ గారు, మీకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పై పళ్ళకి కూడా అదే సిరింజి కదా, అక్కడ ఒక్కటే ఎందుకు ఊడింది అని ఆలోచించా. పై పళ్ళ మీద చుక్క పడినా జారిపోతుంది, నేను కూడా ఎక్కువసేపు ఆరబెట్టగలుగుతాను, కింద వెనకాల చిగుళ్ళ అంచున నీళ్ళు నిలిచిపోతాయి, సుద్ద తెలుపు పైసగంలో కనిపిస్తే మొత్తం తెల్లబడిందనే అనుకునేదాన్ని. ఇది నా ఊహే, తప్పైతే చెప్పండి.

బోసి మెష్ వచ్చిన ఆ రెండూ సెకండ్ ప్రీమోలార్లే, అక్కడ లైట్ టిప్ వెనక పక్కకి చేరట్లేదు, బుగ్గ అడ్డం. మెటల్ బేస్‌లోంచి వెలుగు పోదు కాబట్టి ముందు పక్కన ఒక్క వైపే గట్టిపడి ఉంటుంది. ఇప్పుడు ఆ పన్నుకి ముందు వైపు నుంచి, ఆ తర్వాత కొరికే వైపు నుంచి కూడా పన్ను గుండా వెలుగు పడేలా వేస్తున్నా, టిప్ ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా.

మూడుసార్లు తెచ్చిన ఆ పిల్లాడికి ఆర్టిక్యులేటింగ్ పేపర్ పెడితే బ్రాకెట్ రెక్క మీద స్పష్టంగా మచ్చ పడింది. బైట్ ఎత్తి, ఆ ఒక్క పన్నుకి మా మేడమ్‌ని అడిగి గ్లాస్ అయానమర్ పెట్టా, వాడికి బ్రషింగ్ కూడా అంతంతే కాబట్టి. మిగతావాళ్ళందరికీ నా పాత పద్ధతే, పేస్ట్ అదే, యాసిడ్ అదే. ఈ మూడు వారాల్లో ఇంకా ఏదీ ఊడలేదు. మూడు వారాలు తక్కువే అని తెలుసు, ఆరు నెలలు లెక్క రాసుకుంటా, ప్రతి ఊడిన బ్రాకెట్‌కి పన్ను నంబరు, స్కోరు, ఏ చెయిర్, ఏ పద్ధతి అని ఒక పుస్తకం మొదలుపెట్టా.

ఒక సందేహం సార్. తెల్లబడటం సగమే కనిపించినప్పుడు, ఎంగిలి తగల్లేదు అని ఖాయంగా తెలిస్తే, ఆ కింది సగానికి మాత్రమే మళ్ళీ జెల్ పెట్టొచ్చా, లేక మొత్తం పన్ను మళ్ళీ చేయాలా?

ముప్పై_ఏళ్ళ_ఆర్థో:

ముందు ఆరబెట్టి చూడు. చాలాసార్లు కింది సగం ఎచ్ అయ్యే ఉంటుంది, తడి వల్ల తెలుపు కనిపించదు. చిగురు అంచున కాటన్ పెలెట్ అద్ది మళ్ళీ గాలి కొట్టు. అప్పుడూ తెల్లబడకపోతే జెల్ అక్కడికి చేరలేదనో, పైపొరలో రాడ్లు లేని ఎనామిల్ ఉందనో అర్థం, ప్రీమోలార్లలో అది మామూలే. ఆ సగానికే 15 సెకన్లు పెట్టు, సరిపోతుంది, పైసగానికి జెల్ కొంచెం తగిలినా నష్టం లేదు. కానీ ఏ పన్నునీ నిమిషం దాటి ఎచ్ చేస్తూ కూర్చోకు, దానివల్ల పట్టు పెరగదు, ఎనామిల్ పోతుంది.

ఆ పుస్తకంలో ఇంకో గడి గీయి, ఆ రోజు సక్షన్ ఎవరు పట్టుకున్నారో రాయడానికి.

చెయిర్_పక్కన_పదేళ్ళు:

మేడమ్, కొత్త రింగు వేశారు కాబట్టి ఊరుకోవద్దు, ప్రతి సోమవారం పొద్దున అన్ని చెయిర్లకీ ఆ అద్దం పరీక్ష చేయించండి. రెండు నిమిషాల పని.